ఎముకల ల్యాబులో పీటీహెచ్ (1–34) వయల్: కొనుగోలుదారు సమీక్ష

ఎముక కణాల మీద పారాథైరాయిడ్ హార్మోను ప్రభావాన్ని పరిశీలించే ప్రయోగశాలలన్నీ దాదాపు తప్పనిసరిగా కొనే సరుకు పీటీహెచ్ (1–34). పీటీహెచ్ అంటే ఆ హార్మోను పేరుకు పొట్టి రూపం. మెడలో థైరాయిడ్ వెనుక ఉండే చిన్న గ్రంథులు స్రవించే 84 అమైనో ఆమ్లాల హార్మోనులో మొదటి 34 అమైనో ఆమ్లాలను అదే వరుసలో కూర్చి తయారుచేసిన సింథటిక్ పెప్టైడు (అమైనో ఆమ్లాల చిన్న గొలుసు) శకలం ఇది. హైదరాబాదులోని మా ల్యాబులో దీన్ని కణాల మీదా ఎలుకల మీదా వాడుతున్నాం. ఒకరికంటే ఎక్కువ సరఫరాదారుల దగ్గర తెప్పించాం. ఏ కంపెనీదో చెప్పడం కంటే, వయల్ చేతికి అందాక ఏం చూడాలో, దానితో వచ్చే నాణ్యతా ధ్రువపత్రంలో ఏ అంకె దేన్ని చెబుతుందో, ఏది చెప్పదో వివరించడం కొత్తగా ఇండెంట్ (కొనుగోలు అభ్యర్థన) పెట్టబోయే విద్యార్థులకు ఎక్కువ ఉపయోగమని నా అభిప్రాయం. నా తీర్పు ముందే చెబుతున్నాను: అణువుగా ఇది నమ్మదగినది, దీని మీద పెట్టిన డబ్బు వృథా కాదు. అయితే లేబుల్ మీద పెద్ద అక్షరాలతో ఉండే శుద్ధత శాతాన్ని మాత్రమే చూసి కొంటే, వయల్లో పనిచేసే అణువులు ఎన్ని ఉన్నాయో తెలియకుండానే ప్రయోగం మొదలుపెట్టినట్లవుతుంది.

మొత్తం హార్మోను ఉండగా ఈ ముక్క ఎందుకని మొదటి సంవత్సరం విద్యార్థులు అడుగుతుంటారు. పారాథైరాయిడ్ హార్మోను గ్రాహకాన్ని (కణం మీద ఆ హార్మోనును అందుకునే ప్రొటీనును) ఉత్తేజపరిచే సామర్థ్యమంతా అణువు మొదటి భాగంలోనే ఉంటుంది. 15 నుంచి 34 వరకూ ఉన్న భాగం గ్రాహకం వెలుపలి భాగాన్ని పట్టుకుంటే, మొదటి పద్నాలుగు అమైనో ఆమ్లాలు కణపొరలో ఉన్న భాగంలోకి దిగి దాన్ని పని చేయిస్తాయి. ముందున్న ఆరింటిని తీసేసిన పీటీహెచ్ (7–34) గ్రాహకాన్ని పట్టుకుంటుంది కానీ ఉత్తేజపరచదు. అందుకే దాన్ని నిరోధకంగా వాడతారు. మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో పాట్స్, ట్రెగియర్ తదితరులు ఆవు హార్మోనుకు చెందిన 1–34 శకలాన్ని 1971లో సంశ్లేషించి, అది జీవక్రియాత్మకంగా పనిచేస్తుందని చూపారు. మెరిఫీల్డ్ 1963లో ప్రకటించిన ఘనాధార సంశ్లేషణ పద్ధతి లేకపోతే అది అంత తొందరగా సాధ్యమయ్యేది కాదు. ఈరోజు మనకు అందే వయల్ కూడా ఆ పద్ధతిలోనే, రెజిన్ పూసల మీద ఒక్కొక్క అమైనో ఆమ్లాన్ని అతికిస్తూ తయారవుతుంది.

ఈ చరిత్రలో తెలుగువారికి దగ్గరి సంగతి ఒకటుంది. పారాథైరాయిడ్ గ్రంథుల నుంచి పనిచేసే సారాన్ని తీసిన కెనడా శాస్త్రవేత్త కాలిప్ పత్రం, భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రూపొందించిన ఫాస్ఫరస్ వర్ణమాపన పద్ధతి పత్రం, రెండూ 1925లోనే, జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీలోనే వెలువడ్డాయి. పారాథైరాయిడ్ హార్మోను చేసే ముఖ్యమైన పనుల్లో మూత్రం ద్వారా ఫాస్ఫేటును బయటికి పంపించడం ఒకటి కాబట్టి, ఈ హార్మోను పనిచేసిందా లేదా అని తేల్చడానికి ఫాస్ఫేటు కొలత ఎప్పుడూ అవసరమే. ఎలుక మూత్రంలో ఫాస్ఫేటును మాలిబ్డేటు నీలి రంగుతో కొలిచే ల్యాబులు నేటికీ ఆ పద్ధతినో దాని రూపాంతరాన్నో వాడుతున్నాయి.

ఇక సరుకు సంగతి. మానవ పీటీహెచ్ (1–34) అణుభారం 4117.7. అందులో 8వ, 18వ స్థానాల్లో మెథియోనిన్, 23వ స్థానంలో ట్రిప్టోఫాన్ ఉంటాయి. టైరోసిన్ గానీ సిస్టీన్ గానీ ఉండవు. ఎలుక హార్మోను శకలం దీనికి చాలా దగ్గరే అయినా ఒకటి కాదు: మొదటి స్థానంలో సెరీన్ బదులు అలనీన్ ఉంటుంది, రెండో మెథియోనిన్ 18 దగ్గర కాక 21 దగ్గర ఉంటుంది. ఇండెంటులో ‘పీటీహెచ్ 1–34’ అని మాత్రమే రాస్తే ఏ జాతిది వస్తుందో సరఫరాదారు ఇష్టం మీద ఆధారపడుతుంది. మానవ శకలం ఎలుక గ్రాహకం మీద కూడా చక్కగా పనిచేస్తుంది కాబట్టి ఎక్కువమంది అదే వాడతారు. అయినా జాతి పేరు, లవణం (పెప్టైడుతో జతగా ఉండే ఆమ్లాన్ని బట్టి ఎసిటేటా, ట్రైఫ్లోరోఎసిటేటా) పేరు, చివరి కొస అమైడ్ కావాలా ఆమ్లంగా ఉండాలా అన్నవి ఇండెంటులో విడివిడిగా రాయించడం మంచిది.

వయల్ చూడగానే చాలామందికి అది ఖాళీగా ఉందన్న అనుమానం వస్తుంది. అర మిల్లీగ్రాము పెప్టైడు ఎండబెట్టిన తర్వాత గాజు అడుగున పల్చని తెల్లటి పొరలా, ఒక్కోసారి గోడకు అంటుకున్న దూదిపింజలా ఉంటుంది. రవాణాలో కదిలి మూత లోపలివైపు అతుక్కున్నా ఆశ్చర్యం లేదు. అందుకే మూత తీయకముందు సెంట్రిఫ్యూజ్‌లో కొద్దిసేపు తిప్పి పొడిని కిందికి దింపాలి. అంతకన్నా ముఖ్యమైన జాగ్రత్త ఇంకొకటుంది: –20 డిగ్రీల ఫ్రీజర్ నుంచి తీసిన వయల్‌ను వెంటనే తెరవకుండా డెసికేటర్‌లో గది ఉష్ణోగ్రతకు రానివ్వాలి. వానాకాలం హైదరాబాదు గాలిలో చల్లని గాజును తెరిస్తే లోపల తేమ చేరుతుంది, ఈ పొడి తేమను ఇట్టే పీల్చుకుంటుంది. మిగతా పొడిని దాచుకుంటే ఆ తేమలోనే పెప్టైడు చెడిపోతుంది, బరువు తూచుకుంటే నీటి బరువు కూడా పెప్టైడు లెక్కలోకి వస్తుంది. ఒకసారి తెరిచిన వయల్‌లోని మొత్తాన్నీ కరిగించి చిన్నచిన్న భాగాలుగా పంచి –80 డిగ్రీల వద్ద పెట్టడమే మేం పాటించే పద్ధతి.

ధ్రువపత్రంలో అందరూ చూసేది, కలగలిసిన పదార్థాలను విడదీసి చూపే పద్ధతితో తేల్చిన హెచ్‌పీఎల్‌సీ శుద్ధత. 95 శాతమనో 98 శాతమనో రాసి ఉంటుంది. ఈ అంకె చెప్పేది ఒక్కటే: వయల్‌లో ఉన్న పెప్టైడు పదార్థంలో ఎంత భాగం కావలసిన పెప్టైడు, ఎంత భాగం ఒక అమైనో ఆమ్లం జారిపోయిన అసంపూర్ణ వరుసలు, తదితర మలినాలు అన్నది. పొడి బరువులో పెప్టైడు ఎంత అన్న ప్రశ్నకు అది జవాబు కాదు. దానికి జవాబు ‘నెట్ పెప్టైడ్ కంటెంట్’ అనే వేరే గడిలో ఉంటుంది, చౌకగా దొరికే సరుకు పత్రాల్లో తరచూ ఆ గడే ఉండదు. ఈ శకలంలో మూడు లైసీన్లు, రెండు ఆర్జినీన్లు, మూడు హిస్టిడీన్లు, మొదటి కొసన స్వేచ్ఛగా ఉన్న అమైనో సమూహం, మొత్తం తొమ్మిది క్షార స్థానాలున్నాయి. శుద్ధి చేసేటప్పుడు వాడే ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లం ఈ తొమ్మిదింటికీ అతుక్కుంటే, ఒక్కొక్కదానికి 114 చొప్పున అణుభారం 4117.7 నుంచి దాదాపు 5144కు పెరుగుతుంది. అంటే తేమను లెక్కలోకి తీసుకోకముందే పొడిలో పెప్టైడు 80 శాతానికి పడిపోతుంది. లేబుల్ మీద ‘1 మిల్లీగ్రాము’ అని రాసి ఉన్నది పొడి మొత్తం బరువా, నికర పెప్టైడా అన్నది సరఫరాదారును రాతపూర్వకంగా అడగాలి. నికరమైతే 100 మైక్రోమోలార్ ద్రావణానికి 2.43 మిల్లీలీటర్లు కలపాలి. పొడి మొత్తం బరువైతే 1.94 మిల్లీలీటర్లు చాలు. అయిదో వంతు తేడాతో మొదలైన గాఢత ఆ తర్వాత వేసే ప్రతి మోతాదు వక్రరేఖలోనూ కొనసాగుతుంది.

పత్రాన్ని నమ్మక తప్పదన్న పరిస్థితి మాత్రం లేదు. అణువులో ఒకే ఒక్క ట్రిప్టోఫాన్ ఉండి టైరోసిన్ లేకపోవడం వల్ల, 280 నానోమీటర్ల వద్ద కాంతి శోషణతో గాఢతను మనమే సరిచూసుకోవచ్చు. ఒక ట్రిప్టోఫాన్‌కు మోలార్ శోషణ గుణకం సుమారు 5500 కాబట్టి, 100 మైక్రోమోలార్ ద్రావణం ఒక సెంటీమీటరు క్యువెట్‌లో 0.55 దగ్గర చూపాలి. కొత్త లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) వచ్చిన ప్రతిసారీ మా ల్యాబులో ఇది తప్పనిసరి. ఇందుకయ్యే ద్రావణం కొద్దిగానే, సమయం అంతకన్నా తక్కువ.

రెండో పరీక్ష మెథియోనిన్లది, నా దృష్టిలో ఈ పెప్టైడు విషయంలో అన్నిటికంటే గట్టిగా పట్టించుకోవలసినది ఇదే. గాలిలోని ఆక్సిజన్‌తో మెథియోనిన్ ఆక్సీకరణ చెందితే అణుభారం 16 పెరుగుతుంది, గ్రాహకం మీద ప్రభావం తగ్గుతుంది. 8వ స్థానంలోని మెథియోనిన్ ఆక్సీకరణ చెందినప్పుడు జరిగే నష్టం, 18వ స్థానంలోని దానికి జరిగితే కలిగే నష్టం కంటే ఎక్కువ. మాస్ స్పెక్ట్రమ్‌లో అయిదు ఆవేశాల అయాన్ (అయిదు ప్రోటాన్లు చేరిన అణువు బరువును అయిదుతో భాగించిన విలువ) 824.5 దగ్గర కనిపించాలి. దాని పక్కన 827.7 దగ్గర ఇంకో శిఖరం లేస్తుంటే ఒక మెథియోనిన్ పోయినట్టే. హెచ్‌పీఎల్‌సీలో ఆక్సీకరణ చెందిన రూపం అసలు శిఖరానికి ముందే బయటికి వస్తుంది, కాబట్టి మాస్ యంత్రం అందుబాటులో లేనివారు కూడా గమనించవచ్చు. ఈ కారణంగానే పెప్టైడును డైమిథైల్ సల్ఫాక్సైడ్‌లో కరిగించడాన్ని నేను సమర్థించను: పాతబడిన డైమిథైల్ సల్ఫాక్సైడ్‌కు మెథియోనిన్‌ను ఆక్సీకరించే గుణముంది, పైగా ఈ శకలం నీటిలోనే హాయిగా కరుగుతుంది. క్రిమిరహిత నీటిలో గానీ, 10 మిల్లీమోలార్ ఎసిటిక్ ఆమ్లంలో గానీ కరిగిస్తే సరిపోతుంది. స్వల్ప ఆమ్లత్వం ఉంటే ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లాలు, వాటి అమైడ్ భాగం ఊడిపోయే డీఅమిడేషన్‌కు గురయ్యే వేగం కూడా తగ్గుతుంది. గట్టిగా వోర్టెక్స్ చేసి నురగ తెప్పించడం మానుకుని, వేలితో మెల్లగా తట్టాలి. రేడియో అయోడిన్ అతికించవలసిన వారికి ఈ మెథియోనిన్ల బదులు నార్‌ల్యూసీన్, 34వ స్థానంలో టైరోసిన్ పెట్టిన రూపం విడిగా దొరుకుతుంది; వారు మామూలు శకలాన్ని కొనకపోవడమే మేలు.

లవణం విషయంలో నా మాట ఖచ్చితం: ఎముక కణాల మీద పనిచేసేవారు ఎసిటేట్ లవణాన్నే అడగాలి. ధర కాస్త ఎక్కువ, తయారీకి అదనంగా సమయం పడుతుంది, అయినా అడగాలి. ట్రైఫ్లోరోఎసిటేటు చాలా తక్కువ గాఢతలోనే ఆస్టియోబ్లాస్టుల (ఎముకను కట్టే కణాల), మృదులాస్థి కణాల విభజనను తగ్గిస్తుందని న్యూజిలాండ్‌లో కార్నిష్ బృందం 1999లో ప్రచురించింది. పెప్టైడు ప్రభావం చూడాలని కణాలకు పోసి, దానితో లవణంగా జతపడి వచ్చిన ప్రతిఅయాన్ ప్రభావాన్ని కొలిచే ప్రమాదం ఇక్కడ ఊహాజనితం కాదు. ఎసిటేట్ దొరకని పక్షంలో అదే గాఢతలో ట్రైఫ్లోరోఎసిటేటు మాత్రమే ఉన్న కంట్రోల్ గుంతలు (కణాలు పెంచే ప్లేటులోని గుంతలు) తప్పనిసరిగా పెట్టాలి.

అసలు పరీక్ష కణాల మీదే. ఎలుక ఆస్టియోసార్కోమా నుంచి వచ్చిన యూఎంఆర్–106 కణాలు ఈ గ్రాహకాన్ని పుష్కలంగా చూపుతాయి. మానవ కణాలు కావాలంటే సాఓస్–2 ఉంది. సైక్లిక్ ఏఎంపీ విరిగిపోకుండా ఆపే ఫాస్ఫోడైఎస్టరేజ్ నిరోధకం ఐబీఎంఎక్స్ సమక్షంలో పది పదిహేను నిమిషాలు పెప్టైడు ఇచ్చి గ్రాహకం ఉత్తేజితమైనప్పుడు కణంలో పెరిగే ఆ సైక్లిక్ ఏఎంపీని కొలిస్తే, మంచి వయల్ నానోమోలార్ స్థాయిలోనే సగం ప్రభావాన్ని చూపాలి. మేం ప్రస్తుతం వాడుతున్న లాట్ ఆ పరిధిలోనే నిలకడగా ఉంది, పీటీహెచ్ (7–34) ఇచ్చినప్పుడు స్పందన తగ్గింది, ఫోర్స్‌కోలిన్ (ఈ గ్రాహకంతో పని లేకుండా సైక్లిక్ ఏఎంపీని పెంచే పదార్థం) ఇచ్చిన గుంతలు ఎప్పటిలాగే స్పందించాయి. వక్రరేఖ కుడివైపుకు జరిగితే పెప్టైడును తప్పుపట్టేముందు ప్లాస్టిక్‌ను అనుమానించాలి. నానోమోలార్ గాఢతల్లో ఈ క్షార పెప్టైడు ట్యూబు గోడలకు అతుక్కుని ద్రావణంలోంచి మాయమవుతుంది. పలుచన చేసే బఫర్‌లో 0.1 శాతం బొవైన్ సీరం అల్బుమిన్ కలిపి, ప్రొటీను అంటని ట్యూబులు వాడితే ఈ బెడద చాలావరకు తీరుతుంది. పలుచన చేసిన ద్రావణాన్ని రేపటికని ఫ్రిజ్‌లో దాచడం ఎంతమాత్రం మంచిది కాదు.

ఈ పెప్టైడును ఇంత శ్రద్ధగా చూడటానికి కారణం దాని ప్రవర్తనలోనే ఉంది. రక్తంలో హార్మోను ఎప్పుడూ ఎక్కువగా ఉంటే ఎముక కరుగుతుంది. అదే రోజుకొకసారి ఇంజెక్షనుగా ఇస్తే ఎముక పెరుగుతుంది. పారాథైరాయిడ్ సారం ఇచ్చిన ఎలుకల్లో ఎముక లోపలి జాలక నిర్మాణం పెరిగిందని బవర్, ఆబ్, ఆల్బ్రైట్ 1929లోనే రాశారు. మోతాదు ఎంత అన్నదానితో పాటు ఎంతసేపు అన్నది కూడా ఫలితాన్ని తిప్పేస్తుంది కనుక, పాతబడి సగం పనిచేసే పెప్టైడుతో వచ్చిన ఫలితాన్ని సరిదిద్దడం తర్వాత ఎవరి వల్లా కాదు. 1937లో నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను గుర్తించిన నాటి నుంచి నల్గొండ దాకా ఎముకలు వంగిపోయిన మనుషులను చూసిన ప్రాంతం మనది. ఆ రోగుల్లో కొందరికి పారాథైరాయిడ్ కూడా అతిగా పనిచేస్తుందని వైద్యులు గమనించారు. ఇక్కడి ల్యాబుల్లో ఈ హార్మోను మీద జరిగే పని గట్టి పునాది మీద నిలవాలని నేను కోరుకోవడం సహజమే.

ఎంత కొనాలన్నది లెక్క వేసుకుని నిర్ణయించాలి. కణాల పనికి ఇది చాలా కొద్దిగా పడుతుంది. నికరంగా 0.8 మిల్లీగ్రాములున్న వయల్‌తో, అర మిల్లీలీటరు గుంతకు 10 నానోమోలార్ చొప్పున 38 వేలకు పైగా గుంతలకు సరిపోతుంది, కాబట్టి కణాల పని మాత్రమే ఉన్నవారు మిల్లీగ్రాము వయల్ కొంటే వాడేలోపే చాలాభాగం పాతబడుతుంది, 0.1 మిల్లీగ్రాము వయళ్లు నాలుగైదు కొనడం మేలు. జంతువుల పనిలో లెక్క వేరు: 25 గ్రాముల చిట్టెలుకకు కిలోకు 80 మైక్రోగ్రాముల చొప్పున రోజుకు 2 మైక్రోగ్రాములు పడితే, పది చిట్టెలుకలకు నాలుగు వారాలకు 560 మైక్రోగ్రాములు అవసరం. జంతువుల ప్రయోగం మొత్తం ఒకే లాట్‌తో జరిగేలా ముందే కొనిపెట్టుకోవాలి. జంతువులకు ఇచ్చేవారూ, ప్రాథమిక ఎముక మజ్జ కణాలు పెంచేవారూ ఎండోటాక్సిన్ (బాక్టీరియా గోడ నుంచి వచ్చే విషపదార్థం) పరీక్ష ఉన్న శ్రేణినే అడగాలి. మామూలు పరిశోధన శ్రేణికి ఆ పరీక్ష ఉండదు, ఎండోటాక్సిన్ ఆస్టియోక్లాస్టుల (ఎముకను కరిగించే కణాల) మీద తనంతట తానే ప్రభావం చూపుతుంది.

ఇదే వరుస టెరిపారటైడ్ అన్న పేరుతో ఆస్టియోపొరోసిస్ మందుగా అమెరికాలో 2002లో అనుమతి పొందింది. అంతకుముందు 1637 మంది స్త్రీల మీద జరిపి 2001లో ప్రచురించిన పరీక్షలో, రోజుకు 20 మైక్రోగ్రాముల మోతాదు కొత్త వెన్నుపూస విరుగుళ్లను 65 శాతం తగ్గించింది. ఎలుకలకు దాదాపు జీవితకాలం ఇచ్చినప్పుడు ఆస్టియోసార్కోమా వచ్చిన కారణంగా పెట్టిన తీవ్ర హెచ్చరికను 2020లో తొలగించారు. ఈ వివరాలు చదివి, పరిశోధన వయల్ చౌకగా దొరుకుతోందని ఇంట్లో వాడాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే, దయచేసి ఆ ఆలోచన మానుకోండి. వరుస ఒకటే అయినా సరుకు ఒకటి కాదు: ఈ పొడి స్టెరైల్ కాదు, ఎండోటాక్సిన్ చూడలేదు, మోతాదు నిర్ధారించలేదు. ఎముకలు బలహీనపడినవారికి డాక్టరు రాసిన ఇంజెక్షన్ పెన్ను వేరు, మా ఫ్రీజర్లోని వయల్ వేరు.

సరఫరా సేవ మీద మాత్రం నాకు ఫిర్యాదు ఉంది. ఒక సరఫరాదారు పంపిన పెట్టె ఎండాకాలంలో కస్టమ్స్ దగ్గర ఆగిపోయి మాకు చేరేసరికి జెల్ ప్యాకులు వెచ్చగా ఉన్నాయి, ఉష్ణోగ్రత సూచిక లోపల లేదు, అడిగితే ‘ఎండబెట్టిన పొడికి ఏమీ కాదు’ అన్న జవాబు వచ్చింది. మూత బిగించిన పొడి కొద్దిరోజులు గది ఉష్ణోగ్రతను తట్టుకుంటుందన్నది నిజమే, పరీక్షిస్తే ఆ లాట్ బాగానే ఉంది కూడా. కానీ అది పరీక్షించి తెలుసుకోవలసిన సంగతే తప్ప, ఫోన్‌లో చెప్పి తేల్చేది కాదు. ఇప్పుడు మేం పర్చేజ్ ఆర్డర్‌లోనే నాలుగు షరతులు రాస్తున్నాం: లాట్ వారీ హెచ్‌పీఎల్‌సీ, మాస్ రేఖాచిత్రాలు జతచేయాలి, నెట్ పెప్టైడ్ కంటెంట్ అంకె రాయాలి, పెట్టెలో ఉష్ణోగ్రత సూచిక ఉండాలి, ఆక్సీకరణ శిఖరం కనిపిస్తే వయల్ మార్చి ఇవ్వాలి. కొటేషన్లలో అతి తక్కువ ధర పెట్టినవారు ఈ షరతులు చూసి వెనక్కి తగ్గితే తగ్గనివ్వండి. ఒప్పుకున్నవారి ధర ఎక్కువైనా, కొనుగోలు కమిటీకి ఆ తేడా ఎందుకో ఒక పేజీలో రాసి ఇస్తే ఆమోదిస్తున్నారు. కొత్త లాట్ వచ్చాక పాత లాట్‌లో మిగిలిన ఒకటి రెండు భాగాలను పారేయకుండా, రెండింటినీ ఒకే ప్లేటు మీద ఒకే రోజు సైక్లిక్ ఏఎంపీకి పెట్టి చూసిన తర్వాతే ప్రయోగాల్లోకి దించండి.